26 నెలల ముఖ్యమంత్రి సంజీవయ్య గారు సీటు కాపాడనీకె వచ్చినోడేనా?

కడప_కుర్రోడు:
మొన్న కర్నూల్లో ఫ్రెండ్ పెండ్లికి పోయింటి, భోజనాల కాడ దామోదరం సంజీవయ్య గారి మీద పెద్ద వాదన పడింది. ఒకాయన ఏమన్నాడంటే, ఆయన మంచోడే గానీ ముఖ్యమంత్రిగా ఉండింది 1960 జనవరి 11 నుంచి 1962 మార్చి 12 దాకా, లెక్కేస్తే 26 నెలలు, అప్పటి ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి గారు కాంగ్రెస్ అధ్యక్షుడై ఢిల్లీకి పోతే ఇక్కడ ముఠాలు తేలక ఈయన్ని కూర్చోబెట్టినారు, ఎలక్షన్లు అయినాక ఆయన తిరిగొచ్చె, ఈయన దిగిపోయె, అంతకుమించి ఏముంది అన్నాడు. నాకు కడుపు మండింది. కానీ మొదటి దళిత ముఖ్యమంత్రి అనే మాట తప్ప జవాబు చెప్పనీకె నా దగ్గర ఇంకోటి లేదు. తెలిసినోళ్ళు చెప్పండి అన్నా.

హంద్రీ_ఒడ్డు:
ఆ పెద్దమనిషి అన్నదాంట్లో తప్పేముంది తమ్ముడూ. మనోడు అనే అభిమానం నాకూ ఉంది, మాది ఆయన పుట్టిన పెద్దపాడుకు దగ్గర్లోనే. కానీ లీడర్‌ని చూడాల్సింది జిల్లాకు ఏం మిగిలిందని. కోసిగి, మంత్రాలయం, పత్తికొండ దిక్కు పోయి చూడు, పంట పోయిన ఏడు ఇండ్లకు తాళాలేసి గుంటూరుకు మిరపకాయ కోతలకు పోతారు, పిల్లోల్ల బడి కూడా ఆడికే ఆగిపోతాది. ఆయన పేరు గాజులదిన్నె ప్రాజెక్టుకు పెట్టినారు, లా యూనివర్సిటీకి పెట్టినారు, ఆ లా యూనివర్సిటీ యాడుంది? విశాఖపట్నం కాడ. కర్నూలు ప్లీడరు పేరు, చదువుకునేది మాత్రం ఆడ. ఇంగ లాయర్ లాయర్ అంటారు గానీ ఆయన కోర్టులో వాదించింది ఎంతని?

బురుజు_ప్లీడరు:
కర్నూలు కోర్టులో 14 ఏండ్ల నుంచి ప్రాక్టీసు చేస్తాండా కాబట్టి ఆ లాయర్ అనే మాట కాడికే వస్తా. హంద్రీ అన్న చెప్పింది నిజమే, కోర్టులో ఆయన నల్లకోటు ఎక్కువ నలగలేదు. 1948లో మద్రాసులో లా పాసై, 1950లో అడ్వకేట్‌గా చేరి, అదే ఏడు తాత్కాలిక పార్లమెంటుకు పోయినాడు, 1952కు మద్రాసు రాష్ట్రంలో రాజాజీ మంత్రివర్గంలో ఉన్నాడు. మా దగ్గర జూనియర్‌గా చేరిన పిల్లోడికి వాయిదా డైరీ సక్కగా రాసేది వచ్చేలోపే ఆయన మంత్రి అయిపోయినాడు. కాబట్టి పేరుమోసిన ప్లీడరు అని ఎవరన్నా చెప్తే నేను ఒప్పుకోను.

కానీ ఆయన పెట్టిపోయినవాటిని చూస్తే చదివిన లా యాడికీ పోలేదని నాకు అనిపిస్తాది. లంచగొండుల్ని పట్టుకునే ఏసీబీ తీసుకో, ఆయన ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడే 1961 జనవరి 2న ప్రత్యేక శాఖగా మొదలైంది. ఇయ్యాల ఒక ఆఫీసులో లంచం తీసుకునేవాని చేతులు గ్లాసులో ముంచితే నీళ్ళు గులాబీ రంగుకు తిరుగుతాయి చూడు, ఆ శాఖ పుట్టింది ఆయన 26 నెలల్లోనే. ముసలోల్లకు పెన్షన్ కూడా ఆయన కాలందే. భూమి లేనోల్లకు 6 లక్షల ఎకరాల పైన పంచినాడని చెప్తారు. మా ఆఫీసులో డీకేటీ పట్టా, అంటే పేదోల్లకు సర్కారు ఇచ్చిన భూమి పట్టా, కేసులు ఇప్పటికీ వస్తాయి, ఆ పట్టా భూమి అమ్మకూడదని 1977లో చట్టం వచ్చినాక కూడా తెల్లకాగితం మీద రాయించుకోని లాక్కున్నోల్లు ఉన్నారు, అది వేరే కథ, కానీ కోర్టుకొచ్చి నిలబడనీకె ఆ పేదోని చేతిలో ఒక కాగితం ఉంది కదా. కాగితం లేని మనిషికి నేను ఏ పిటిషన్ వేయాల?

ఇంకోటి. నీలం సంజీవరెడ్డి గారు మళ్ళీ సీఎం అయి రెండేండ్లన్నా నిండకుండా 1964 ఫిబ్రవరిలో ఎందుకు దిగిపోయినారో మనూరోల్లకే గుర్తుండదు. మన పశ్చిమ కర్నూలు ప్రైవేటు బస్సు రూట్లను ప్రభుత్వం తీసుకునే కేసులోనే. రాజకీయ కక్షతో చేసినారని ఆరోపణ వస్తే ముఖ్యమంత్రి అఫిడవిట్ వేసి కాదనలేదని సుప్రీంకోర్టు తప్పు పట్టింది, ఆయన రాజీనామా చేసినారు. రాజీనామా చేయడం ఆయన పెద్దమనసే, అది కాదనను. కానీ సీటు కాపాడినోడు, సీటు ఓనరు అని మాట్లాడేవాళ్ళు ఈ మాట కూడా చెప్పల్ల.

కడప_కుర్రోడు:
అన్నా బస్సు కేసు సంగతి నాకు అస్సలు తెలీదు. థాంక్స్.

హంద్రీ_ఒడ్డు:
ఏసీబీ వచ్చి లంచాలు ఆగినాయా? పట్టా ఇచ్చినాడు సరే, నీళ్ళు ల్యాకుండా ఆ నేలలో ఏం పండిస్తారు?

ఆదోని_పత్తి:
నేను ముఖ్యమంత్రి సంగతి మాట్లాడను. ఆయన ఢిల్లీలో చేసిన ఒక పని మా ఇంట్లోకి వచ్చింది, అది చెప్తా.

మా నాయన ఆదోనిలో ఒక జిన్నింగ్ మిల్లులో హమాలీ. పత్తి సీజన్ అంతా బోరాలు మోసేది, సాయంత్రానికి మీసాలు, కనురెప్పలు తెల్లగా దూదితో ఉండేవి. బీడీకట్ట అంత నోట్‌బుక్కు జేబులో పెట్టుకోని పని చేసిన రోజుకొక గీత గీసేవాడు, వారానికి ఏడు గీతలైతే అడ్డంగా కొట్టేవాడు, ఆయనకు అంతకుమించి రాత రాదు. 90ల్లో ఒక ఏడు దసరాకు ముందర పర్మనెంటోల్లకు బోనస్ ఇచ్చి మా నాయనోల్లకు మీరు కాంట్రాక్టరు మనుషులు పొండి అన్నారు. యూనియన్‌లో ఒక పెద్దాయన ఆ నోట్‌బుక్కు చూసి గీతలు లెక్కపెట్టి, 30 రోజులు దాటితే బోనస్ చట్టం కింద హక్కుంది, సీజన్ కూలీ అయినా సరే అని లేబర్ ఆఫీసర్ కాడికి తీసుకోని పోయినాడు. తిరిగి తిరిగి సంక్రాంతికి 8.33 శాతం లెక్కన వచ్చింది. ఎంతొచ్చిందో నాకు గుర్తులేదు గానీ అమ్మకు చీర, నాకు స్కూల్ బూట్లు వచ్చినాయి.

ఆ బోనస్ చట్టం 1965ది. ముందు ఆర్డినెన్స్, తర్వాత సెప్టెంబర్‌లో చట్టం. అప్పుడు దానికి కనీసం 4 శాతం, గరిష్ఠం 20. లాభం వచ్చినా నష్టం వచ్చినా ఆ కనీసం ఇయ్యల్ల అని రాసినారు. మిల్లుల ఓనర్లు దాని మీద సుప్రీంకోర్టుకు పోయినా ఆ కనీస బోనస్ నిలబడింది. అప్పుడు కేంద్ర కార్మిక మంత్రి ఎవరనుకున్నారు? సంజీవయ్య గారు. 1970లో కాంట్రాక్ట్ లేబర్ చట్టం వచ్చినప్పుడూ ఆయనే. నాకు ఈ సంగతి ఉద్యోగంలో చేరినాక తెలిసింది, మా నాయన మాత్రం తెలీకుండానే పోయినాడు.

అనంత_పెద్దాయన:
బాబూ, మీరంతా పెద్ద పదవుల కాడికి పోయినారు. ఆయన గణితంతో బీఏ చదివింది మా అనంతపురం దత్తమండల కాలేజీలో, ఇప్పుడు ఆర్ట్స్ కాలేజీ. నేను ఆడ చదివినప్పుడు ఆ వరండాలో నడిచినా గానీ ఒక్క మాస్టరు చెప్పలేదు, నాకు అది ఇప్పటికీ బాధ. పుట్టినాక కొన్నాళ్ళకే తండ్రి పోయినాడు, మేనమామ ఇంట్లో పెరిగి, చదువైపోయినాక రేషన్ ఆఫీసులో గుమాస్తాగిరీ చేసి, ఆ తర్వాత లా చదివి, 38 ఏండ్లకు ముఖ్యమంత్రి. 1972 మే 7న పోయినప్పుడు 51. కాంగ్రెస్ అధ్యక్షుడుగా ఉండంగానే పోయినాడు. ఎన్ని నెలలు అని అడిగేముందర ఎంత దూరం నుంచి నడిచొచ్చినాడో చూడల్ల కదా నాయనా.

హంద్రీ_ఒడ్డు:
ఆదోని తమ్ముడు, నీ పోస్టు రెండుసార్లు చదివినా. బోనస్ చట్టం ఆయన కాలందని నాకు తెలీదు, సీటు కాపాడనీకె వచ్చినోడు అనే మాట నేను వెనక్కి తీసుకుంటా. కానీ నీళ్ళ ప్రశ్న అట్లే ఉంది. ముఖ్యమంత్రి, కేంద్రమంత్రి, పార్టీ అధ్యక్షుడు, ఇన్ని పదవులు ఉన్నా సొంత జిల్లా పడమటి మండలాలు ఎందుకు ఎండిపోయినాయి? అది ఆయన ఒక్కడిదే తప్పు అనను, తర్వాత వచ్చినోల్లది ఇంకా పెద్ద తప్పు, కానీ అడగాల్సిందే.

బురుజు_ప్లీడరు:
అడుగు అన్నా, అది న్యాయమైన ప్రశ్న. నా దగ్గర దానికి జవాబు లేదు.

ఆదోని_పత్తి:
ఆ నోట్‌బుక్కు ఇంకా మా ఇంట్లో ఉంది. ఎల్లుండి ఊరికి పోతాండా, ఫొటో తీసి ఈడ పెడతా.