కాలు విరిగిన పిల్లిని గెంతకుండా ఎలా ఉంచాలి?

మాది వైజాగ్, పెదవాల్తేరు. నాలుగు రోజుల క్రితం ఫిషింగ్ హార్బర్ దగ్గర ఒక పిల్లి వెనక కాలు ఈడ్చుకుంటూ కనిపిస్తే తువ్వాలులో చుట్టి తెచ్చేశాను. డాక్టర్ గారు కట్టు కట్టి, 4 వారాలు గెంతనివ్వొద్దన్నారు. పగలంతా బీరువా కిందే ఉంటోంది. రాత్రి ఉడికించిన కానాగంత చేప ముక్క పెడితే ముందు నా వేళ్లు వాసన చూసి, ఆ తర్వాతే తింటోంది. ఆవుపాలు పడలేదు, మానేశాను. నొప్పి తగ్గుతుందని అమ్మ పారాసెటమాల్ ఇవ్వబోయింది. అది పిల్లులకు విషం, వెంటనే ఆపాను.

ఇప్పుడు కాస్త ఓపిక రాగానే కిటికీ ఎక్కాలని చూస్తోంది, నాకు టెన్షన్. బోనులో పెడితే బెదిరిపోదా? రేబిస్ టీకా ఇప్పుడే వేయించొచ్చా, కాలు నయమయ్యాకా? వీధి పిల్లిని పెంచుకున్నవాళ్లు దయచేసి చెప్పండి. దీన్ని మళ్లీ రోడ్డు మీద వదలలేను.