కలలు కొందరికే ఎందుకు గుర్తుంటాయి? మీ అనుభవాలు చెప్పండి

వేకువచుక్క: నాకు దాదాపు రోజూ ఏదో ఒక కల గుర్తుంటుంది. మా ఆయనేమో "నాకసలు కలలే రావు" అంటారు. నిజంగా కలలు రానివాళ్లు ఉంటారా, లేక వచ్చినవి మర్చిపోతారా? చదివినవాళ్లు, సొంతంగా గమనించినవాళ్లు చెప్పండి. కలల ఫలితాలు చెప్పే పోస్టులు మాత్రం వద్దు, ప్లీజ్.

రాత్రిబడి: మీవారికీ వస్తూనే ఉంటాయండి, గుర్తుండవంతే. 1953లో షికాగో యూనివర్సిటీలో యూజీన్ అసెరిన్‌స్కీ, నథానియెల్ క్లైట్‌మన్ నిద్రలో కళ్లు గబగబా కదిలే దశ ఒకటుందని బయటపెట్టారు. అదే రెమ్ నిద్ర. ఆ దశలో తట్టి లేపితే ఎక్కువమంది కల చెప్పగలిగారు. తర్వాత, కలలు రావనేవాళ్లని కూడా ల్యాబ్‌లో అలాగే లేపి చూస్తే చాలామంది ఏదో ఒకటి చెప్పారు. రెమ్ దాదాపు 90 నిమిషాలకోసారి వస్తుంది, తెల్లవారేకొద్దీ దాని నిడివి పెరుగుతుంది. మనకి తెల్లవారుజాము కలలే ఎక్కువగా గుర్తుండటానికి అదొక కారణం. అలాగని కలంటే రెమ్ ఒక్కటే కాదు. మిగతా దశల్లోనూ వస్తాయి, కాకపోతే అవి చాలావరకు పొట్టిగా, చప్పగా ఉంటాయి.

పాలపుంత: నా అనుభవం చెప్తాను. పాప పుట్టాక రాత్రి మాటిమాటికీ లేవాల్సి వచ్చేది. అంతకుముందు ఎప్పుడో గానీ గుర్తుండని కలలు, ఆ రోజుల్లో సీరియల్‌లా వరసగా గుర్తుండేవి. నిద్ర చాలక ఇలా అవుతోందేమోనని టెన్షన్ పడ్డాను కూడా.

రాత్రిబడి: @పాలపుంత, మీరు చెప్పింది పరిశోధనలతో సరిపోతోంది. ఫ్రాన్స్‌లోని లియాన్‌లో పెరీన్ రూబీ బృందం కలలు బాగా గుర్తుండేవాళ్లనీ, గుర్తుండనివాళ్లనీ పోల్చి చూసింది. మొదటి రకంవాళ్లు రాత్రి మెలకువగా గడిపే సమయం ఎక్కువని తేలింది. కల జ్ఞాపకంగా నిలవాలంటే కాస్తయినా మెలకువ రావాలని వాళ్ల వాదన. రెమ్‌లో నోర్‌ఎపినెఫ్రిన్ బాగా పడిపోతుంది, జ్ఞాపకాలు గట్టిపడటానికి తోడ్పడే రసాయనాల్లో అదొకటి. కాబట్టి మర్చిపోవడమే మామూలు, గుర్తుండటమే వింత.

కాగితం_పెన్ను: గుర్తుండాలనుకునేవాళ్లకి నేను చేసేది చెప్తాను. మెలకువ రాగానే కదలను, కళ్లు తెరవను. చివర కనిపించిన దాన్ని పట్టుకుని వెనక్కి వెళ్తాను. తర్వాతే పుస్తకం తీస్తాను. వాక్యాలు రాస్తూ కూర్చుంటే సగం ఎగిరిపోతుంది, అందుకని ముక్కలే రాస్తాను. నిన్నటి పేజీ ఇదీ: "మెట్లు. తడిసిన గొడుగు. ఎవరో నన్ను వేరే పేరుతో పిలిచారు, నేను పలికాను." ఫోన్ ముట్టుకున్నానో, ఇక అంతే సంగతులు.

ఒంటరిగువ్వ: కొంచెం పక్కదారి పడుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా నాన్నగారు ఈమధ్య నిద్రలో అరుస్తున్నారు, కాళ్లతో తన్నుతున్నారు. లేపితే "ఎవడో తరుముతున్నాడు రా" అంటారు. అమ్మకి ఒకసారి గట్టిగానే తగిలింది. వయసు మీద పడి కలవరింతలు అనుకుని వదిలేయొచ్చా?

రాత్రిబడి: వదిలేయకండి. మామూలుగా రెమ్‌లో ఒంటి కండరాలు దాదాపు పూర్తిగా పట్టు వదిలేస్తాయి, అందుకే కలలో పరిగెత్తినా మంచం మీద కదలం. 1960ల్లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త మిషెల్ జూవే పిల్లుల మెదడు కాండంలో ఆ పని చేసే చోటును దెబ్బతీస్తే, అవి నిద్రలోనే లేచి వేటాడుతున్నట్టు ప్రవర్తించాయి. మనుషుల్లో ఇలాంటిదాన్ని 1986లో కార్లోస్ షెంక్, మార్క్ మహోవాల్డ్ ఒక జబ్బుగా వివరించారు. కొందరిలో ఇది ఏళ్ల తర్వాత వచ్చే పార్కిన్సన్స్‌కి ముందస్తు గుర్తు కావచ్చు. అందరికీ అలా అవ్వాలని లేదు, వాడే మందుల వల్ల కూడా రావచ్చు, భయపడకండి. కానీ న్యూరాలజిస్టుకి గానీ స్లీప్ డాక్టరుకి గానీ చూపించండి. ఈలోపు మంచం పక్కన గాజు వస్తువులు, మొనదేలినవి తీసేయండి. అమ్మగారిని వేరే మంచం మీద పడుకోమనండి.

ఒంటరిగువ్వ: థాంక్సండీ. ఆయన నిద్రలో చేసేది వీడియో తీసి మరీ చూపిస్తాను, లేకపోతే డాక్టరు ముందు "నాకేం లేదు" అనేస్తారు.

మేలుకల: ఇది కల అని కలలోనే తెలిసేవాళ్లు ఎవరైనా ఉన్నారా? నాకు అప్పుడప్పుడు తెలుస్తుంది. తెలిసిన సంతోషంలోనే మెలకువ వచ్చేస్తుంది, అదే నా బాధ.

కాగితం_పెన్ను: @మేలుకల, రెమ్‌లో కళ్ల కండరాలు పనిచేస్తూనే ఉంటాయి కదా, దాన్నే ఆసరా చేసుకుని 1975లో కీత్ హర్న్ ఇంగ్లండ్‌లో కలలో ఉన్న మనిషి పంపిన మొదటి సంకేతం రికార్డు చేశాడు. నిద్రపోతున్న మనిషి ముందే అనుకున్నట్టు కళ్లు ఎడమకీ కుడికీ తిప్పాడు. 2021లో నాలుగు దేశాల బృందాలు ఇంకో అడుగు వేసి, కలలో ఉన్నవాళ్లని చిన్న లెక్కలు అడిగాయి. ఎనిమిదిలోంచి ఆరు తీసేస్తే ఎంతంటే, ఒకతను కళ్లతోనే రెండని జవాబిచ్చాడు. చాలా ప్రశ్నలకి జవాబే రాలేదనుకోండి, అయినా వచ్చినవి చాలు నాకు.

వేకువచుక్క: ఇదంతా మా ఆయనకి చదివి వినిపించాను. "సరే, రేపు అలారం లేకుండా లేచి చూస్తా" అన్నారు. ఇంతకీ అలారం మోతకి లేస్తే కల ఎగిరిపోతుందా, నిలుస్తుందా? మీకెలా ఉంటుంది?

పాలపుంత: నాకైతే అలారం ఆపడానికి చెయ్యి చాపేలోపే పోతుంది.