గోపాల్‌పూర్ దగ్గర సముద్రం ఒడ్డునే ఇల్లు కొందామనుకుంటున్నాం, టోకెన్ ఇచ్చేముందు ఏం చూసుకోవాలి?

బరంపురం_పిల్లోడు

అందరికీ నమస్కారమండి. మాది బరంపురం, తాతగారి కాలం నుంచీ ఇక్కడే. నాన్నగారు ఈ ఏడాదే రిటైరయ్యారు, పొద్దున్న లేవగానే సముద్రం కనబడాలని ఆయనకి ఎప్పట్నుంచో కోరిక. గోపాల్‌పూర్ ఊరు దాటాక ఒడ్డు మీద ఒక ఇల్లు చూశాం. ఆరు గుంఠల జాగా, రెండు గదులు, వరండా, మెట్లు దిగితే ఇంక ఇసకే. అమ్మ ఆ వరండాలో కూర్చుని అరగంటసేపు లేవలేదు, అది చూశాక నాకూ మనసు అక్కడే ఉండిపోయింది.

బ్రోకర్ "సీఆర్‌జెడ్ అంతా క్లియరండి" అంటున్నాడు (తీరం ఒడ్డున కట్టడాల మీద ఉండే సర్కారు రూల్స్ అన్నమాట) గానీ కాగితాలు అడిగితే ఒక జెరాక్స్ చూపించాడు, అది ఒడియాలో ఉంది. నాకు ఒడియా మాట్లాడ్డం బాగానే వచ్చు, కానీ భూమి కాగితాల ఒడియా వేరు కదా. శుక్రవారం లోపల టోకెన్ ఇవ్వకపోతే వేరేవాళ్లకి ఇచ్చేస్తానంటున్నాడు. నాన్నగారి రిటైర్మెంట్ డబ్బు దాదాపు మొత్తం ఇందులోకే పోతాది, అందుకే అడుగుతున్నాను. ఒడ్డు దగ్గర కొన్నవాళ్లు, కట్టినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి ప్లీజ్.

దస్తావేజు_బాబాయ్

బాబూ, ముందు ఆ శుక్రవారం సంగతి మర్చిపో. మంచి కాగితాలున్నవాడు రెండు వారాలు ఆగుతాడు.

నేను రిజిస్ట్రేషన్ పనుల్లోనే ఇరవై ఏళ్లు తిరిగాను. నువ్వు మొదట చూడాల్సింది పట్టాలో కిసం, అంటే భూమి రకం. అక్కడ ఘరబారి (ఇంటి స్థలం) అని ఉందా లేదా. ఒడిశా భూమి రికార్డుల భూలేఖ్ వెబ్‌సైట్‌లో మౌజా (రెవెన్యూ గ్రామం), ప్లాట్ నంబరు కొడితే వస్తాది, ఒడియా చదివేవాళ్లని పక్కన కూర్చోపెట్టుకో. పొలం అని ఉంటే ఓఎల్‌ఆర్ (ఒడిశా భూసంస్కరణల) చట్టం 8-ఎ కింద మార్పించారా అని కాగితం అడుగు. పట్టాదారు ఎస్సీగానీ ఎస్టీగానీ అయ్యి కొనేవాళ్లు అదే వర్గం కాకపోతే సెక్షన్ 22 కింద ముందుగా పర్మిషన్ ఉండాలి, అది లేకుండా జరిగిన అమ్మకం నిలబడదు. అమ్మేవాడి పేరే కాదు, అతనికి అమ్మినవాడి పేరూ, అంతకు ముందువాడి పేరూ చూడు. మన గంజాం 1936 దాకా మద్రాసులో ఉండేది కదా, మా ఇంట్లో పాత దస్తావేజులు తెలుగులోనే ఉన్నాయి, అలాంటివి ఏమైనా ఉంటే అవి కూడా తెప్పించు, హద్దులు వాటిలో బాగా రాసి ఉంటాయి.

ఇంక సీఆర్‌జెడ్. "క్లియర్" అనే మాటకి అర్థం లేదు. పెద్ద పోటు ఎక్కడిదాకా వస్తాదో ఆ హై టైడ్ లైన్ నుంచి లోపలికి 500 మీటర్లు ఆ రూల్స్ కిందకే వస్తాది. గోపాల్‌పూర్ ఎన్ఏసీ (చిన్న ఊళ్ల మున్సిపాలిటీ లాంటిది) పరిధిలో ఉంటే టౌన్ లెక్క, ముందే ఉన్న పర్మిషన్ రోడ్డుకో, పర్మిషన్ ఉన్న కట్టడానికో ఊరివైపునే కొత్తగా కట్టాలి. పంచాయతీలో ఉంటే 2011 రూల్ ప్రకారం 200 మీటర్ల లోపల కొత్త ఇల్లు కట్టకూడదు. 2019 రూల్లో జనం బాగా ఎక్కువుండే పల్లెలకి దాన్ని 50 మీటర్లు చేశారు గానీ, ఆ రూల్ ప్రకారం తయారైన మ్యాప్ ఆమోదమైనచోటే అది వర్తిస్తాది. అందుకని నీ ప్లాట్ నంబరు ఆ మ్యాప్ మీద ఎక్కడ పడుతుందో చూపించమను, నోటిమాట వద్దు.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఆ 200 మీటర్ల లోపల పాత ఇల్లుంటే, అది పర్మిషన్‌తో కట్టిందయితేనే రిపేరు చేసుకోవచ్చు, ఉన్న కొలతల్లోనే మళ్లీ కట్టుకోవచ్చు. మేడ వేద్దామంటే కుదరదు. ప్లాన్ అప్రూవల్ లేని ఇల్లయితే నువ్వు కొనేది ఉట్టి గోడలు.

ఆంధ్రా నుంచి, హైదరాబాద్ నుంచి చూసేవాళ్లకి ఒక మాట, మన దగ్గర గుంఠ అంటే ఎకరంలో ఇరవై అయిదో వంతు, అంటే 4 సెంట్లు. తెలంగాణలో ఎకరానికి 40 గుంటలు. ఆ లెక్క పట్టుకుని ఇక్కడ రేటు మాట్లాడి బాధపడినవాళ్లని చూశాను.

గంగమ్మబిడ్డ

అన్నా కాగితాల సంగతి బాబాయ్ గారు చెప్పారు, నేను సముద్రం సంగతి చెప్తాను. మేము వేటకెళ్లేవాళ్లం, గంజాం ఒడ్డునే పుట్టాను.

మీరు ఇల్లు ఏ నెలలో చూశారు? మాఘంలో చూస్తే ఒడ్డు వెడల్పుగా ఉంటాది, ఇసక బోలెడుంటాది, అందరికీ నచ్చుతాది. ఆషాఢం శ్రావణంలో దక్షిణపు గాలి కొట్టినప్పుడు అమావాస్యకిగానీ పున్నానికిగానీ పోటు టైమ్‌లో వెళ్లి నిలబడండి. అప్పుడు కెరటం ఎక్కడిదాకా వొచ్చిందో అదే మీ నిజమైన ఒడ్డు. ఇసక గట్టు కత్తితో కోసినట్టు నిలువుగా ఉంటే సముద్రం తింటున్నాదని అర్థం. ఇసక మీద రావణాసురుడి మీసాలు గడ్డి, బాలబంది తీగ దట్టంగా పాకి ఉంటే అక్కడ కొంచెం నిలకడ ఉంటాది, ఇంటివాళ్లు వాటిని పీకేసి గోడ కట్టారంటే ఆ గోడ ఎక్కువ కాలం ఉండదు.

మన ఒడ్డుకి ఇసక మొత్తం మీద దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తాది. మధ్యలో రాళ్లేసి గట్టు కడితే దక్షిణం పక్క ఇసక చేరతాది, ఉత్తరం పక్క కోసుకుపోతాది. కాబట్టి మీ ఇంటికి దక్షిణాన ఏం కట్టారో చూడండి, ఎంత దూరంలో ఉందో చూడండి. మొగ, అంటే నది సముద్రంలో కలిసేచోటు, దగ్గరైతే అసలు వద్దు, రుషికుల్య మొగ ఏడాదికో చోట తెగుతాది. పొడంపేట అక్కడిదే, రామయపట్నం ఇటు దక్షిణాన, రెండు ఊళ్లలోనూ మనవాళ్ల ఇళ్లు సముద్రంలోకి పోయాయి. మా మేనత్త ఇంటి గడప ఉన్నచోట ఇప్పుడు వల లాగుతున్నారు. ఆమె ఇప్పటికీ ఒడ్డుకొస్తే అటు చూడదు.

2013 అక్టోబర్ 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది, ఆ రాత్రి మీరు చూసిన ఇంట్లోకి నీళ్లొచ్చాయా లేదా పక్క పల్లె ముసలోళ్లని అడగండి. బ్రోకర్ లేకుండా వెళ్లండి.

సోంపేట_సైట్_ఇంజినీర్

ఇంటి లోపల ఏం చూడాలో నేను చెప్తానండి, ఇది మా ఇంట్లో అనుభవించిందే. మా అమ్మకి ఒడ్డుకి దగ్గర్లో ఇల్లు కట్టించాం, అప్పుడు నేను చదువుకుంటున్నాను, ఒక కాంట్రాక్టర్‌కి అప్పజెప్పేశాం. అతను కాంక్రీటులోకి అక్కడి బోరు ఉప్పునీళ్లే పోశాడు, ఇసక కూడా ఒడ్డు నుంచే తెచ్చాడని తర్వాత తెలిసింది. ఆరో ఏడు ఒక పొద్దున్న అమ్మ పప్పు తాలింపు వేస్తుంటే పొయ్యికి జానెడు దూరంలో స్లాబు పెచ్చు పడింది. పైకి చూస్తే ఊచ కనబడుతోంది, గోటితో గీకితే పొరలు పొరలుగా, మాడిన అప్పడంలాగ రాలిపోయింది. అమ్మకి ఏం కాలేదు గానీ ఆ రోజు నుంచి ఆ వంటింట్లో పొయ్యి వెలిగించలేదు.

కాబట్టి మీరు చిన్న సుత్తి తీసుకెళ్లి స్తంభాలు, దూలాలు, సన్‌షేడ్ అడుగుభాగం మెల్లగా కొట్టి చూడండి. డొల్ల శబ్దం వస్తే లోపల ఊచ ఉబ్బిందన్నమాట. దూలం పొడవునా తిన్నగా పగుళ్లు, గోధుమరంగు మరకలు ఉంటే కొత్త రంగు వేసినా నమ్మొద్దు, ఈమధ్యే రంగేశారంటే ఇంకా అనుమానంగా చూడండి. ఐఎస్ 456 అనే కాంక్రీటు ప్రమాణం ప్రకారం సముద్రతీరంలో కనీసం ఎం30 గ్రేడు కాంక్రీటు, ఊచ మీద 45 మిల్లీమీటర్ల కవర్ (ఊచని కప్పే కాంక్రీటు మందం) ఉండాలి, కెరటాల తుంపర నేరుగా తగిలేచోట ఎం35, 50 మిల్లీమీటర్లు. చాలా ఇళ్లలో అందులో సగం కవర్ కూడా ఉండదు.

బోరు నీళ్లు మే నెలలో పరీక్ష చేయించాలి, వానాకాలంలో చేస్తే బాగానే ఉన్నట్టు వస్తాది. తాగడానికి టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు) లీటరుకి 500 మిల్లీగ్రాముల లోపల ఉండాలి, వేరే దిక్కు లేనిచోట కూడా 2000 దాటకూడదు.

ఒడ్డింటి_అక్క

మేం తొమ్మిదేళ్లుగా ఒడ్డు దగ్గరే ఉంటున్నాం తమ్ముడూ. ఇనుప గ్రిల్స్ ప్రతి ఏడాదీ రంగు వేయాల్సిందే, ఏసీ బయట పెట్టె తొందరగా పాడవుతాది, అద్దాలు రోజూ తుడిచినా వేలు పెడితే ఉప్పు అంటుకుంటాది. ఈ ఖర్చు ఇంటి ధరతో పాటు లెక్కలో రాసుకోండి. ఇన్సూరెన్స్ తప్పకుండా చేయించండి, భారత్ గృహ రక్ష పాలసీలో తుఫాను, వరద ఉంటాయి. అమ్మానాన్నా పెద్దవాళ్లు కాబట్టి రాత్రిపూట ఆసుపత్రికి ఎంత సేపు పడుతుందో ఒకసారి నిజంగా బండి వేసుకుని వెళ్లి చూడండి. ఇంకొకటి, తాబేళ్లు గుడ్లు పెట్టేచోటయితే సీజన్‌లో సముద్రంవైపు లైట్లు ఆర్పేయాలి, తాబేలు పిల్లలు వెలుతురుకి తప్పుదారి పట్టి ఊరివైపు వచ్చేస్తాయి. మేం ఆ నెలల్లో వరండాలో చీకట్లోనే కూర్చుంటాం, అలవాటైపోయింది.

బరంపురం_పిల్లోడు

అందరికీ చాలా చాలా థాంక్సండి. టోకెన్ ఇవ్వలేదు. మొన్న అమావాస్యకి నేనూ నాన్నగారూ బ్రోకర్‌కి చెప్పకుండా వెళ్లాం. గంగమ్మబిడ్డ గారు చెప్పినట్టే పక్క పల్లెలో ఒక పెద్దాయన్ని అడిగితే, ఆ ఇంటి ముందు ఇదివరకు ఒక వరస సరుగుడు చెట్లు, వాటి అవతల మంచినీళ్ల బావి ఉండేవన్నారు. పాటు దిగేదాకా ఉండమన్నారు. రెండు గంటలు కూర్చున్నాం. నీళ్లు వెనక్కి వెళ్లాక నాచు పట్టిన సిమెంటు బావి ఒర ఒకటి కనబడింది, దాని మీద కెరటం విరుగుతోంది. నాన్నగారు దాన్ని చూస్తూ చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "పదరా" అన్నారు.

ఇప్పుడు ఎన్ఏసీ లోపల, రోడ్డుకి ఊరివైపు ఇంకో ఇల్లు చూస్తున్నాం, డాబా ఎక్కితే సముద్రం కనబడతాది. పట్టాలో ఘరబారి అనే ఉంది, బాబాయ్ గారూ, దాని ఫోటో మీకు మెసేజ్‌లో పెట్టాను, వీలైతే చూడండి. ఇంజినీర్ గారూ, సుత్తితో కొడితే వెనక సన్‌షేడ్ ఒక్కటే డొల్లగా పలికింది, అది ఒక్కటీ తీసి మళ్లీ పోయించుకుంటే సరిపోతుందా, లేక మిగతావి కూడా అనుమానించాలా?