12×12 బ్యాక్‌గ్రౌండ్‌ను 18×12 పేజీకి సరిపెట్టేదెలా?

తిరుపతిలో డిజిటల్ ఆల్బమ్‌లు డిజైన్ చేసేవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి. ఫొటోషాప్‌లో అడ్డం పేజీ 18×12 అంగుళాలు, 300 పీపీఐ (అంగుళానికి 300 పిక్సెల్స్), అంటే 5400×3600 పిక్సెల్స్. ముగ్గుల బ్యాక్‌గ్రౌండ్ మాత్రం 3600×3600. ఫ్రీ ట్రాన్స్‌ఫార్మ్‌తో అడ్డంగా లాగితే గుండ్రటి చుక్కలు కోడిగుడ్లలా సాగుతున్నాయి. నిష్పత్తి చెడకుండా 150 శాతానికి పెంచితే పైనా కిందా 900 పిక్సెల్స్ చొప్పున పోతున్నాయి, అందమంతా ఉన్న అంచు ముగ్గే తెగిపోతోంది, గీతలూ మసకబారుతున్నాయి. కంటెంట్ అవేర్ స్కేల్ (ముఖ్యమైన బొమ్మని వదిలి మిగతాదాన్ని సాగదీసే పద్ధతి) సాదా రంగుకి బాగుంది గానీ ముగ్గుని వంకర తిప్పేస్తోంది. నాలుగు మూలలూ విడి లేయర్లుగా కోసి, మధ్య భాగాన్నే పొడిగిస్తే అతుకు కనబడకుండా ఉంటుందా?

ఇంకోటి, అలిపిరి గోపురం ముందు తీసిన నిలువు ఫొటో, 3000×4000. చదరపు ఫ్రేములో క్లిప్పింగ్ మాస్క్‌తో (ఫ్రేము ఆకారం మేరకే ఫొటో కనబడేలా) పెడితే కలశాలైనా పోతున్నాయి, పిల్లల పాదాలైనా పోతున్నాయి. ఫ్రేమునే 4.5×6 అంగుళాలు చేస్తే మేలా?