మల్చింగ్ షీటును తినేసే బ్యాక్టీరియా డబ్బా కొనవచ్చా?

పలమనేరు రైతు:
నాలుగేళ్లుగా ఎకరన్నరలో నల్ల మల్చింగ్ షీటు, అంటే నేలను కప్పే ప్లాస్టిక్ పొర, పరిచి టమాటా వేస్తున్నాను. పంట అయ్యాక చేతికి వచ్చినంత లాగేస్తాం, మిగిలింది మట్టిలోనే ఉండిపోతుంది. ఈసారి దుక్కిలో నాగలికి అడుగడుగునా పీలికలు చుట్టుకున్నాయి. మొన్న ఒకాయన డబ్బా తెచ్చి, అందులోని ద్రావణం డ్రిప్‌లో వదిలితే బ్యాక్టీరియా మూడు నెలల్లో షీటును తినేస్తుందన్నారు. ఒక కవరు పొడిగా మారడం చూపించారు కూడా. కొనవచ్చా?

తిరుపతి మైక్రోబయాలజీ టీచరు:
కొనకండి అన్నా. మాదీ వేరుశనగ పండించిన కుటుంబమే, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ప్లాస్టిక్‌ను తినే బ్యాక్టీరియా ఉన్న మాట నిజం. జపాన్‌లోని సకాయి నగరంలో సీసాల రీసైక్లింగ్ కేంద్రం దగ్గర దొరికిన ఇడియోనెల్లా సకాయెన్సిస్ గురించి 2016లో లోకానికి తెలిసింది. అయితే అది తినేది పెట్‌ను, అంటే నీళ్ల సీసాల ప్లాస్టిక్‌ను. పెట్ అణువు పొడవాటి గొలుసులా ఉంటుంది, అందులో ఎస్టర్ అనే అతుకులు ఉంటాయి. బ్యాక్టీరియా వదిలే ఎంజైము నీటి సాయంతో సరిగ్గా అక్కడే కోస్తుంది. ప్రయోగశాలలో 30 డిగ్రీల దగ్గర పల్చటి పొర కరగడానికే సుమారు 6 వారాలు పట్టింది.

మీ షీటు పాలిథీన్. అందులో కర్బనాన్ని కర్బనం నేరుగా పట్టుకుని ఉంటుంది, ఆ ఎంజైముకు కోత పెట్టే చోటే దొరకదు. ముందు ఎండకు, గాలికి ఆ గొలుసు తెగాలి. కానీ షీటుకు నలుపునిచ్చే కార్బన్ పొడి ఎండను అడ్డుకుంటుంది, మట్టిలో పూడిన ముక్కకు అసలు ఎండే తగలదు.

పుంగనూరు రైతు:
తిరుమలలో లడ్డూల కోసం కొన్న కవరును పేడదిబ్బలో వేస్తే కొన్నాళ్లకు జాడ లేకుండా పోయింది. అదీ ప్లాస్టిక్‌లాగే ఉండింది కదా, మేడమ్?

తిరుపతి మైక్రోబయాలజీ టీచరు:
చూడటానికి అలాగే ఉంటుంది. 2021లో రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ సహకారంతో తిరుమలకు వచ్చిన ఆ కవర్లను మొక్కజొన్న పిండి వంటి వాటితో, సూక్ష్మజీవులు తినగలిగేలా చేశారు. పేడదిబ్బలోని వేడి, తేమ వాటికి తోడయ్యాయి.

పలమనేరు అన్నకు చూపించిన కవరులో బహుశా పాలిథీన్‌తో పాటు పిండి కలిపి ఉంటారు. పిండిని బ్యాక్టీరియా తినేస్తే కవరు పొడిగా రాలుతుంది, పాలిథీన్ రేణువులై మట్టిలోనే ఉంటుంది. పీలికనైతే ఏరవచ్చు, రేణువును ఏరలేము. నిజంగా జీర్ణమైతే కార్బన్ డయాక్సైడు, నీరు, బ్యాక్టీరియా దేహాలే మిగలాలి. అమ్మకందారును ఆ పరీక్ష ఫలితం అడగండి, పొడి చూపిస్తే ఒప్పుకోకండి.

పీబీఏటీ అనే, ఎస్టర్ అతుకులున్న ప్లాస్టిక్‌తో చేసే మల్చింగ్ షీట్లు ఉన్నాయి. వాటిని మట్టిలోని జీవులు తినగలవు. ధర మాత్రం ఎక్కువే.

పుంగనూరు రైతు:
అన్నా, నేను కాస్త మందం షీటుకు మారాను. టమాటా చెట్లు పీకిన రోజే, నేల తడి ఆరకముందే చుట్టేస్తే చిరగకుండా వస్తుంది. ఎండేదాకా ఆగితే ముక్కలవుతుంది.

పలమనేరు రైతు:
డబ్బా వద్దని ఆయనకు ఫోను చేసి చెప్పేశాను. ఆ డబ్బుతో ఇద్దరు కూలీలను పెట్టి, వాన పడిన మర్నాడు పీలికలు ఏరిస్తాను. ఏరిన గోతాలను గట్టు మీద కాల్చకుండా ఎక్కడ ఇవ్వాలో తెలిసినవారు చెప్పండి, మా ఊరి ఆవులు గట్ల మీదే మేస్తాయి.