‘ఉ’తో మొదలయ్యే తోక జంతువులు ఐదు కావాలి

ప్రశ్న (ఖమ్మం నుంచి ఓ అమ్మ):
మావాడు రెండో తరగతి. ‘ఉ’తో మొదలయ్యే, తోక ఉన్న జంతువులు ఐదు రాసి బొమ్మలు వేయాలట. రేప్పొద్దున్నే చూపించాలి. ఉడుత వాడే చెప్పాడు, ఉడుము నేను చెప్పా. అక్కడితో బండి ఆగిపోయింది. అత్తయ్య ఊసరవెల్లి అంటున్నారు. అది దీర్ఘం కదండీ, ఒప్పుకుంటారా? మా ఆయనేమో ‘ఉల్లికాడ రాయించు, దానికీ తోక ఉందిగా’ అని నవ్వుతూ కూర్చున్నారు. ఎవరైనా కాస్త పుణ్యం కట్టుకోండి.

జవాబు 1:
ఉష్ట్రం. అంటే ఒంటె. చివర కుచ్చున్న తోక, వేయడం తేలిక. ఉష్ట్రపక్షి జోలికి పోకండి, జంతువు అడిగితే పక్షి రాశారంటారు.

జవాబు 2 (రిటైరైన తెలుగు మాస్టారు):
ఊసరవెల్లి వద్దమ్మా, ‘ఊ’ వేరే అక్షరం. పైగా ఊసరవెల్లి వేయమంటే సగంమంది పిల్లలు తొండను వేసుకొస్తారు. ఊసరవెల్లి తోక చుట్టలా మడుస్తుంది, దాంతో కొమ్మను ఐదో కాలిలా పట్టుకుంటుంది. తొండ తోక వెనకాల తాడులా వేలాడుతుందంతే.
ఉరగం రాయించండి. పామే. పాముకి తోకేంటి, ఒళ్లంతా తోకేగా అని మీవాడు అడుగుతాడు. కాదు, కడుపు కింద మలద్వారం దాటాకే తోక మొదలయ్యేది. మగపాములకి అది కాస్త పొడుగు.

జవాబు 3 (మిర్చి రైతుని):
ఉడుముని తేలిగ్గా తీసుకోకండి అక్కా. మొన్న మా మోటారు షెడ్డు వెనక ఒకటి ఎండ కాగుతోంది. మా కుక్క ఉరికింది. ఉడుము ఒళ్లు ఉబ్బించి బుస్సుమంది. కుక్క ఇంకో అడుగేసిందో లేదో, తోకతో ముట్టె మీద ఫట్‌మని ఒక్కటిచ్చింది. కుయ్యోమంటూ నా కాళ్ల సందున దూరిన కుక్క ఆ పూటంతా షెడ్డు వైపు చూడలేదు.
ఆ తోక ఒంటికంటే పొడుగు. బల్లిలా తెంపి పారేసేది కాదు, తెగితే మళ్లీ మొలవదు కూడా. బొరియలో దూరిందా, గోళ్లు దిగేసి ఒళ్లు ఉబ్బిస్తుంది, ఇక లాగినా రాదు. ఉడుంపట్టు అని ఊరికే అన్నారా? దాని నూనె నొప్పులకి మంచిదని పట్టేవాళ్లు మా వైపు ఇంకా ఉన్నారు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అలా పట్టడం నేరం, ఉడుము మొదటి షెడ్యూల్లో, అంటే గట్టి రక్షణ ఉన్న జంతువుల జాబితాలో ఉంది. మీవాడికి అది కూడా చెప్పండి.

మళ్లీ నేనే:
అందరికీ దండాలండీ. ఉడుత, ఉడుము, ఉష్ట్రం, ఉరగం, నాలుగయ్యాయి. ఐదోది దొరకలేదు, నాలుగే రాసుకెళ్లాడు. ఉడుత తోకకే గోధుమరంగు పెన్సిల్ సగం అరగదీశాడు. రైతన్న మాట పట్టుకుని ఉడుము తోక ఒంటికంటే పొడుగ్గా ఉండాల్సిందేనని మొండికేశాడు. అది పేజీ దాటి, పక్కనున్న లెక్కల పుస్తకం అట్ట మీదికెక్కింది.