“శ్వెంతి యాత్స్కు స్ పియెరో…” తర్వాత ‘గి’నా, ‘గమి’నా?

అక్షరపిపాసి: పోలిష్ వాళ్ల పాత ఆశ్చర్యోక్తి, యాత్సెక్ అనే క్రైస్తవ మునిని పియెరోగితో (పూర్ణం పెట్టి నీళ్లలో ఉడికించే కజ్జికాయల్లాంటివి) కలిపి పిలిచేది, చివరి అక్షరం దగ్గర ఆగిపోయింది. పద్యపాదమా?

విభక్తి: ‘గమి’. ముందు ‘స్’ ఉందిగా, అంటే మన ‘తో’, తృతీయే రావాలి. ‘పియెరోగి’ ప్రథమా బహువచనం. ‘యాత్స్కు’ సంబోధన. పద్యం కాదు, మన “ఓరి దేవుడో” లాంటిది.

పాతకాగితం: పోలిష్ కవి మిత్స్‌క్యేవిచ్‌దే అయ్యుంటుంది. తిండి వర్ణన ఆయనకే చెల్లు.

విభక్తి: 1834 నాటి ఆయన కావ్యం ‘పాన్ తదేవుష్’ నాలుగో సర్గలో ఉన్నది బిగోస్ అండీ, పులిసిన క్యాబేజీ, మాంసం. అది చదివితే ఆకలేస్తుంది, ఒప్పుకుంటాను. పియెరోగి మాత్రం కాదు.

అక్షరపిపాసి: ఆ ‘తో’ సహార్థమా (తోడుగా), కరణార్థమా (సాధనంగా)?

విభక్తి: సహార్థమే. కరణార్థానికి పోలిష్‌లో ముందు ‘స్’ అక్కర్లేదు, ఒట్టి తృతీయ చాలు. పూర్ణం చెప్పడానికీ ఇదే ‘తో’: క్యాబేజీ, పుట్టగొడుగులతో చేస్తే “స్ కపుస్తోం ఇ గ్జిబామి”. క్రిస్మస్ ముందు రాత్రివి అవే.

పిండిమర: బంగాళాదుంప పూర్ణంతో చేసే ‘రుస్క్యె’ పియెరోగి పేరులో ఆ ‘తో’ లేదు, అది విశేషణం. రష్యావి అనుకోకండి, పాత రుథేనియా ప్రాంతానివి. 2022 తర్వాత కొన్ని హోటళ్లు “ఉక్రెయిన్‌వి” అని పేరే మార్చాయి. అరకిలో బంగాళాదుంప ఉడికించి వేడిమీదే మెదిపి, పూర్తిగా చల్లార్చి, పావుకిలో త్ఫారుక్, ఎర్రగా వేయించిన రెండు ఉల్లిపాయలు, దండిగా మిరియాలు. త్ఫారుక్ పులిసిన పాలను మెల్లగా వేడిచేసి వడగట్టింది, పనీర్ వేస్తే ఆ పులుపు రాదు.

పాతకాగితం: త్ఫారుక్ అంటే మన పెరుగేనా? పియెరుగ్, పెరుగు… చుట్టరికం కనిపిస్తోంది!

విభక్తి: లేదు. ఏకవచనం పలికేది ‘పియెరుక్’, బహువచనంలో ‘రు’ పోయి ‘రో’ వస్తుంది. మూలం విందు అనే పాత స్లావ్ మాట ‘పిర్’ అంటారు.

పిండిమర: పిండి అరకిలో మైదా, పావులీటరు వేడినీళ్లు, రెండు చెంచాల వెన్న, ఉప్పు. వేడినీళ్లకు పిండి కొంత ఉడికి మెత్తగా సాగుతుంది, చన్నీళ్లయితే ఒత్తిన బిళ్ల వెనక్కి ముడుచుకుంటుంది. మూతపెట్టి అరగంట. రెండు మిల్లీమీటర్ల మందాన ఒత్తి, గ్లాసుతో బిళ్లలు కోయాలి. నీళ్లలో విడిపోయాయంటే కారణం దాదాపు ఎప్పుడూ అంచే: పూర్ణం అంటుకుందో, పొడిపిండి పడిందో, లోపల గాలి మిగిలిందో. ఉప్పునీళ్లు మరిగాక వేసి, పైకి తేలాక రెండు మూడు నిమిషాలు. ఎక్కువ వేస్తే నీళ్లు చల్లబడి అతుక్కుపోతాయి.

అక్షరపిపాసి: అలాగే. మళ్లీ నా ‘తో’ దగ్గరికి. పోలండ్‌లోని కోశ్చెలెత్స్ ఊళ్లో 1238లో వడగళ్లకు పడిన పంట యాత్సెక్ ప్రార్థనకు లేచిందని, ఆ పిండితో జనం ఆయనకు చేసిపెట్టారని కథ. అంటే తిన్నవాడు.

పాతకాగితం: కాదు, తాతార్ల దాడి కరువులో ఆయనే జనానికి పెట్టాడని ఇంకో కథ. పెట్టినవాడు.

విభక్తి: తృతీయకు రెండూ సమ్మతమే.

పాతకాగితం: వ్యాకరణానికి సమ్మతమే. ఆకలికి కాదు.